నలభై దగ్గరపడ్డాక ఉద్యోగం చేస్తూ ఇంజినీరింగ్ డిగ్రీ: ఏది ముందు, ఏది వెనక?

మరమ్మతు_మనిషి
వయసు 39. ఎలక్ట్రికల్ మెయింటెనెన్స్‌లో టెక్నీషియన్‌ని, వారానికి 45 గంటల పని. డిప్లొమా ఉంది, పాతదే. ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్‌లో పూర్తి డిగ్రీ చేద్దామని. "ఈ వయసులో అవసరమా" అన్న చర్చ ఇక్కడ వద్దు, అది ఇంట్లో అయిపోయింది. సెమిస్టర్‌కి ఎన్ని కోర్సులు పెట్టుకోవాలి, వరస ఎలా ఉండాలి, లెక్కలు ఎక్కడి నుంచి మళ్లీ ఎత్తుకోవాలి, జనం ఎక్కువగా ఎక్కడ ఆగిపోతున్నారు – ఇవి కావాలి. తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

తీగలెక్క
మొత్తం ఎన్ని క్రెడిట్లు (కోర్సు బరువుని కొలిచే యూనిట్లు) అన్నది తర్వాత. ముందు గొలుసు పొడవు చూడండి, అంటే ఒకటి పాసైతేనే ఇంకోటి తీసుకోనిచ్చే కోర్సుల వరస. ఎలక్ట్రికల్‌లో చాలాచోట్ల వరస ఇంచుమించు ఇదే: ప్రీ-క్యాలిక్యులస్ (క్యాలిక్యులస్‌కి ముందు కావాల్సిన బీజగణితం, త్రికోణమితి) అయితేనే క్యాలిక్యులస్ 1, అదైతేనే క్యాలిక్యులస్ 2, ఆ తర్వాత డిఫరెన్షియల్ ఈక్వేషన్లు, వాటితో పాటు సర్క్యూట్స్ 1. ఆపైన సర్క్యూట్స్ 2, సిగ్నల్స్ అండ్ సిస్టమ్స్, కంట్రోల్స్, చివర్లో రెండు సెమిస్టర్ల ప్రాజెక్టు. లెక్కపెడితే 9 సెమిస్టర్లు. ఉద్యోగం మానేసి రోజంతా చదువుతానన్నా ఇందులో ఒకదాన్ని దాటి ఇంకోదానికి పోనివ్వరు.

ఇప్పుడు క్రెడిట్ల వైపు. డిగ్రీకి 120 నుంచి 130 దాకా ఉంటాయి. మీ డిప్లొమాకి ఓ 40 కలిసొచ్చాయనుకుందాం (ఎన్ని ఇస్తారన్నది కాలేజీ ఇష్టం). మిగిలేవి 80–90. కోర్సుకి 3 క్రెడిట్ల చొప్పున సెమిస్టర్‌కి రెండు కోర్సులు, వేసవిలో ఒకటి పెట్టుకుంటే ఏడాదికి 15 క్రెడిట్లు. అంటే అయిదున్నర నుంచి ఆరేళ్లు, 11 లేదా 12 సెమిస్టర్లు. గొలుసుకి 9 పోగా చేతిలో మిగిలే వెసులుబాటు రెండు మూడు సెమిస్టర్లే.

చాలామంది దెబ్బతినేది ఇక్కడే. "లెక్కలు తర్వాత చూద్దాం, ముందు తేలికవి కానిద్దాం" అని మొదటి ఏడాది భాష, చరిత్ర, మేనేజ్‌మెంట్ లాంటివన్నీ ముగించేస్తారు. క్రెడిట్లు గబగబా పెరిగినట్టు కనిపిస్తాయి. మూడో ఏడు వచ్చేసరికి తీసుకోవడానికి తేలికవి ఒక్కటీ మిగలవు, ఉన్నవన్నీ ఒకదాని వెనక ఒకటే చేయాల్సినవి. పైగా సిగ్నల్స్, కంట్రోల్స్ లాంటివి చాలా కాలేజీల్లో ఏడాదికి ఒక్కసారే పెడతారు. అది తప్పితే పోయేది ఒక సెమిస్టర్ కాదు, రెండు. వెసులుబాటంతా ఆ ఒక్క దెబ్బకే హారతి కర్పూరం.

కాబట్టి ఏ సెమిస్టర్‌లోనూ గొలుసులోని కోర్సు ఒకటి లేకుండా ఉండకూడదు. దాని పక్కన ఇంకేది పెట్టుకున్నా ఫర్వాలేదు.

పాదరసం
తీగలెక్క గారితో సగమే ఏకీభవిస్తా. ఏళ్ల తర్వాత పుస్తకం పట్టినవాళ్లకి మొదటి సెమిస్టర్‌లోనే లెక్కలు మోపితే భయపడి పారిపోతారు. ఒక తేలిక కోర్సుతో కూర్చునే అలవాటు తెచ్చుకుని అప్పుడు దిగడం మేలు.

తీగలెక్క
కూర్చునే అలవాటు ఏ కోర్సుతో అయినా వస్తుంది, లెక్క చేసే అలవాటు లెక్కతోనే వస్తుంది. అయినా మీ మాటలో న్యాయం ఉంది. అందుకే మొదటి సెమిస్టర్‌కి రెండు కోర్సులే అంటున్నా, అందులో ఒకటి గొలుసులోది. భయం ఎక్కువగా ఉంటే అదొక్కటే తీసుకోండి. తేలికది ఒక్కటే తీసుకోవడం మాత్రం వద్దు.

రెండోషిఫ్ట్
ఎన్ని కోర్సులన్నది ధైర్యాన్ని బట్టి కాకుండా గంటల్ని బట్టి తేల్చుకోండి. క్రెడిట్‌కి వాడుకలో ఉన్న కొలత వారానికి ఒక గంట క్లాసు, బయట రెండు గంటల పని. అంటే 3 క్రెడిట్ల కోర్సు 9 గంటలు తింటుంది. యూరప్ పద్ధతిలో ఏడాదికి 60 క్రెడిట్లు, ఒక్కోదానికి 25 నుంచి 30 గంటలు. అలా ఏడాదికి 1500 నుంచి 1800 గంటలు. ఏ దేశపు కొలతతో కొలిచినా పూర్తి చదువంటే ఇంకో ఉద్యోగమే.

వారానికి ఉన్నవి 168. నిద్రకి 56, పనికి మీరు చెప్పిన 45, రాకపోకలకీ తయారవడానికీ 10. మిగిలేవి 57. ఇల్లు, తిండి, పిల్లలు, బిల్లులు, ఒంట్లో బాగోకపోవడం అన్నీ కలిపి 30 తీసేయండి. 27 ఉంటాయి. కాగితం మీద ఇది సరిగ్గా మూడు కోర్సులు. అందుకే చాలామంది మూడు తీసుకుంటారు, ఏడో వారానికి ఒకటి వదిలేస్తారు. 27లో 18 వాడి 9 ఖాళీగా ఉంచండి. ఓవర్‌టైమ్ పడ్డ వారం, బ్రేక్‌డౌన్ వచ్చిన వారం ఆ 9తోనే గట్టెక్కాలి. మెయింటెనెన్స్‌లో ఉన్నవాళ్లకి ఇది వేరే చెప్పక్కర్లేదు.

గంటలన్నీ ఒకలాంటివి కావు అన్నది ఇంకో సంగతి. సర్క్యూట్ లెక్కకి 25 నిమిషాల ముక్కలు పనికిరావు. బొమ్మ గీసి, గుర్తులు పెట్టి, సమీకరణాలు రాసేసరికే 20 అయిపోతాయి. ఒక్కో లెక్కల కోర్సుకి వారంలో కనీసం రెండుసార్లు గంటన్నర చొప్పున కదలకుండా కూర్చునే వీలు ఉండాలి, అది కూడా పనికి వెళ్లకముందు అయితే మంచిది. షిఫ్ట్ దిగొచ్చాక లెక్క చేస్తే చిహ్నాలు తారుమారవుతాయి, మర్నాడు అదే లెక్క మళ్లీ చేయాలి. రాత్రిళ్లు ల్యాబ్ రిపోర్టుకి గ్రాఫులు గీయడం, నోట్స్ సర్దుకోవడం, వీడియో క్లాసు చూడటం లాంటివి పెట్టుకోండి. బస్సులో సూత్రాలు గుర్తు తెచ్చుకోవడం వరకు సరే, బస్సులో లెక్కలు చేస్తానంటే అది మాటవరసకే.

మరమ్మతు_మనిషి
రెండు కోర్సులు అని ఖాయం చేసుకున్నా. వేసవి కోర్సు మాటేమిటి? పొడుగు సెలవులు అప్పుడే దొరుకుతాయి కాబట్టి క్యాలిక్యులస్ 2 అక్కడ పెట్టేస్తే గొలుసు ఒక మెట్టు ముందుకి జరగదా?

రెండోషిఫ్ట్
జరుగుతుంది, మీరు మిగిలితే. 15 వారాల్లో వారానికి 9 గంటలంటే మొత్తం 135. వేసవిలో అదే కోర్సు 6 వారాల్లో చుట్టేస్తారు, వారానికి 22 గంటల పైన. క్యాలిక్యులస్ 2లో ఇంటిగ్రేషన్ పద్ధతులు ఒకదాని మీద ఒకటి పేరుకుంటాయి. ఇది ఏ పద్ధతికి లొంగుతుందో చూడగానే తట్టాలంటే మధ్యలో రోజులు గడవాలి. ఆరు వారాల్లో ఆ రోజులే ఉండవు. వేసవికి చదివి రాసే కోర్సులు అట్టేపెట్టుకోండి.

చిత్తుకాగితం
లెక్కలు ఎక్కడి నుంచి అన్నదానికి ఎవరూ జవాబివ్వలేదు. ఒక చిన్న పరీక్ష పెట్టుకోండి. అయిదు లెక్కలు, అరగంట, కాలిక్యులేటర్ లేకుండా.

ఒకటి: 1/ఆర్ = 1/ఆర్1 + 1/ఆర్2. ఇందులో ఆర్ విలువ ఎంత? రెండు: లాగ్ ఎక్స్ + లాగ్ (ఎక్స్ − 2) = 3, ఆధారం 2. మూడు: సైన్ 2థీటా = సైన్ థీటా, 0 నుంచి 360 డిగ్రీల లోపు జవాబులన్నీ. నాలుగు: ఎక్స్ వర్గం + 6ఎక్స్ + 25ని పూర్తి వర్గంగా మార్చాలి. అయిదు: 1/(ఎస్ × (ఎస్ + 2))ని రెండు భిన్నాలుగా విడగొట్టాలి.

మొదటిదాంట్లో ఆర్ = ఆర్1 + ఆర్2 అని తిరగేసినవాళ్లు భిన్నాల దగ్గర్నుంచి రావాలి. ప్యారలల్ రెసిస్టెన్స్ మీరు రోజూ వాడేదే కాబట్టి జవాబు నోటికొస్తుంది, కానీ బీజగణితంతో రాబట్టగలుగుతున్నారా లేదా చూసుకోండి. రెండోదాంట్లో 4, −2 రెండూ వస్తాయి. −2ని కొట్టేయాలి, రుణసంఖ్యకి ఇక్కడ లాగ్ లేదు. మూడోదాంట్లో రెండు వైపులా సైన్ థీటాతో భాగించేసి 60, 300 అని ఆగిపోతారు. భాగించడంతోనే 0, 180 ఎగిరిపోయాయని గమనించరు. నాలుగోది (ఎక్స్ + 3) వర్గం + 16. అయిదోది 1/ఎస్ లోంచి 1/(ఎస్ + 2) తీసేసి, వచ్చినదాంట్లో సగం.

ఊరికే ఇవే ఎంచలేదు. నాలుగూ అయిదూ సర్క్యూట్స్ 2లో లాప్లాస్ (డిఫరెన్షియల్ ఈక్వేషన్లని మామూలు బీజగణితంగా మార్చే పద్ధతి) వెనక్కి తిప్పేటప్పుడు ప్రతి పేజీలో తగులుతాయి. అక్కడ తప్పినవాళ్లు లాప్లాస్ రాలేదనుకుంటారు, పోయింది క్యాలిక్యులస్‌కి ముందు నాటి బీజగణితం.

నాలుగు సరిగ్గా వస్తే నేరుగా క్యాలిక్యులస్ 1కి వెళ్లొచ్చు. మూడొస్తే రెండు నెలలు సొంతంగా సాధన చేసి వెళ్లండి. అంతకంటే తక్కువైతే ప్రీ-క్యాలిక్యులస్ కోర్సు తీసుకోండి, మొహమాటపడకండి. పాత డిప్లొమాలో క్యాలిక్యులస్ ఉందని దానికి క్రెడిట్ ఇస్తామన్నా మీ చేతి లెక్క రాకపోతే ఆ క్రెడిట్ తీసుకోవద్దు. దాని తర్వాతి కోర్సులో మునుగుతారు.

మరమ్మతు_మనిషి
చేశాను. రెండోదీ అయిదోదీ రాలేదు, మూడోదాంట్లో మీరు చెప్పినట్టే రెండు జవాబులే రాశా. ప్రీ-క్యాలిక్యులస్ ఖాయం.

చిత్తుకాగితం
మంచిదే. అయితే చదివే పద్ధతి గురించి కూడా ఒక మాట. పెద్దవయసులో చదివేవాళ్లు క్రమశిక్షణగా ఉంటారు, కాకపోతే చదవడాన్నే సాధన అనుకుంటారు. పరిష్కారాల పుస్తకం తెరిచి ఒక్కో మెట్టు చదువుతుంటే అంతా అర్థమవుతూనే ఉంటుంది. పుస్తకం మూసి తెల్లకాగితం మీద చేయమంటే మొదటి గీత పడదు. కాబట్టి నియమం పెట్టుకోండి: పరిష్కారం చూస్తే చూడండి గానీ, మూసేసి మొదటి నుంచి మళ్లీ రాయాలి. రెండు రోజుల తర్వాత ఒకసారి, వారం తర్వాత ఇంకోసారి. మర్చిపోయే వేగం మొదట్లోనే ఎక్కువని జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త ఎబ్బింగ్‌హౌస్ 1885లోనే కొలిచి చూపించాడు. ఇది వయసుతో వచ్చిన జబ్బేమీ కాదు.

తప్పుల పుస్తకం ఒకటి పెట్టండి. తప్పిన ప్రతి లెక్క పక్కన ఒక్క మాటే రాయాలి: ప్లస్, మైనస్ గుర్తు తప్పా, యూనిట్ తప్పా, సమీకరణం కట్టడమే తప్పా, లేక విషయమే తెలియదా. నెల తిరిగేసరికి ఏదో ఒకటి మిగతావాటిని మించిపోతుంది. గుర్తు తప్పులు ఎక్కువైతే వేగం తగ్గించాలి, సమీకరణం కట్టడంలో తప్పులుంటే బొమ్మ గీయడం మీద కూర్చోవాలి. విషయమే తెలియకపోతే అప్పుడే పుస్తకం మళ్లీ చదవాలి. ఈ తేడా తెలియక అన్నింటికీ "ఇంకా చదవాలి" అనుకుంటారు.

ఇంకోటి. కాలిక్యులేటర్ డిగ్రీల్లో కాకుండా రేడియన్లలో (కోణానికి ఇంకో కొలమానం) ఉండగా సైన్ 30 కొడితే −0.988 వస్తుంది. సున్నా పాయింట్ అయిదు రావాలని తెలిసినవాడు ఆగుతాడు. పరీక్ష హాల్లో కూర్చోగానే మొదటి పని ఆ 30 కొట్టి చూడటం.

సున్నావోల్టు
టెక్నీషియన్ అనుభవం ఉన్నవాళ్ల సంగతి వేరే చెప్పాలి, ఎందుకంటే అదే బలం, అదే గుంట. మీరు చాలా సర్క్యూట్లు చూసి ఉంటారు, చూడగానే జవాబు తట్టేస్తుంది. సర్క్యూట్స్ 1లో మొదటి నాలుగు వారాలు ఆ చూపుతోనే పూర్తి మార్కులొస్తాయి. అయిదో వారం నోడ్ అనాలిసిస్ (కొమ్మలు కలిసే చోట, అంటే నోడ్ దగ్గర, కరెంట్లు కూడి వోల్టేజి కనుక్కోవడం) రాగానే గుంటలో పడతారు.

చూడండి. ఒక నోడ్. దానికి 12 వోల్టుల సోర్స్ 2 కిలో ఓమ్‌ల గుండా, 6 వోల్టుల సోర్స్ 3 కిలో ఓమ్‌ల గుండా కలిశాయి. నోడ్ నుంచి గ్రౌండ్‌కి 6 కిలో ఓమ్‌లు. నోడ్ వోల్టేజి ఎంత? అనుభవం చెప్పేది "రెండు సోర్సులూ లోడ్‌ని నడుపుతున్నాయి" అని. ఆ ఊహతో రెండు కరెంట్లూ నోడ్‌లోకి వస్తున్నట్టు బాణాలు గీసి, సమీకరణం రాసేటప్పుడు మాత్రం ఒక బాణం మర్చిపోయి గుర్తు కలగాపులగం చేస్తారు.

అలా కాకుండా నోడ్ వోల్టేజిని 'వి' అనుకుని, అన్ని కరెంట్లూ బయటికి పోతున్నట్టే రాయండి. (వి − 12)/2 + (వి − 6)/3 + వి/6 = 0. ఆరుతో గుణిస్తే 3వి − 36 + 2వి − 12 + వి = 0. ఆరు 'వి'లు 48కి సమానం, వి = 8 వోల్టులు. ఇప్పుడు 6 వోల్టుల కొమ్మ చూడండి: (8 − 6)/3 అంటే 0.667 మిల్లీ ఆంపియర్లు నోడ్ నుంచి ఆ సోర్స్‌లోకే పోతున్నాయి. అది లోడ్‌ని నడపడం లేదు, తానే 4 మిల్లీవాట్లు తీసుకుంటోంది. దిశ ముందే ఊహించకుండా గుర్తుకి వదిలేస్తే జవాబే చెప్తుంది.

సరిచూసుకోవడం పవర్‌తో. 12 వోల్టుల సోర్స్ 2 మిల్లీ ఆంపియర్లిస్తోంది, 24 మిల్లీవాట్లు. ఖర్చు: 2 కిలో ఓమ్‌లో 8, 3 కిలో ఓమ్‌లో 1.33, 6 కిలో ఓమ్‌లో 10.67, రెండో సోర్స్‌లోకి 4. కూడితే 24. ఈ కూడిక నిమిషం పని. పరీక్షలో చేసేవాళ్లు చాలా తక్కువ.

మీ అనుభవం అక్కరకొచ్చేది ఏసీ భాగంలో. పవర్ ఫ్యాక్టర్ అంటే ఏమిటో చేత్తో తెలిసినవాడికి కాంప్లెక్స్ సంఖ్యలు వట్టి గణితంలా కనిపించవు. రెసిస్టెన్స్ 3, రియాక్టెన్స్ 4 అయితే ఇంపిడెన్స్ 5 ఓమ్‌లు, కోణం 53.13 డిగ్రీలు, పవర్ ఫ్యాక్టర్ 0.6. పక్కన కూర్చున్న ఇరవయ్యేళ్ల కుర్రాడికి ఇది త్రిభుజం, మీకు పవర్ ఫ్యాక్టర్ సరిచేసే కెపాసిటర్ బ్యాంకు.

పాదరసం
ల్యాబుల గురించి కూడా చెప్పండి. చాలామంది "అది మనకి నల్లేరు మీద నడక" అనుకుంటారు.

సున్నావోల్టు
చేతిపని నల్లేరే, రిపోర్టు కాదు. ల్యాబ్‌కి ఒకే క్రెడిట్ అని గంటల లెక్కలో మూడు గంటలు రాసుకుంటారు. ల్యాబ్‌లోనే రెండు మూడు గంటలు పోతాయి, రిపోర్టుకి ఇంకో నాలుగు పెట్టుకోండి.

రిపోర్టులో మార్కులు పోయేది "వచ్చిన విలువ తప్పు, పరికరం దోషం" అని రాసినప్పుడు. ఉదాహరణకి 5 వోల్టులకి రెండు 1 కిలో ఓమ్ రెసిస్టర్ల డివైడర్ (వోల్టేజిని రెండింటి మధ్య పంచేది). 2.5 రావాలి, 2.43 వచ్చింది. రెసిస్టర్లు 5 శాతం టాలరెన్స్‌వి (రాసిన విలువకి అంత అటూ ఇటూ ఉండగలవి) అయితే జవాబు 2.375 నుంచి 2.625 దాకా ఎక్కడైనా ఉండొచ్చు. 2.43లో దోషమేమీ లేదు, ఆ హద్దులు లెక్కగట్టి రాస్తే చాలు. అదే డివైడర్‌ని 1 మెగా ఓమ్ రెసిస్టర్లతో కడితే కథ వేరు. మీటర్ ఇన్‌పుట్ 10 మెగా ఓమ్‌లు, అది కింది రెసిస్టర్‌కి ప్యారలల్‌గా చేరి 0.909 మెగా ఓమ్‌లు చేస్తుంది, రీడింగ్ 2.38కి దిగుతుంది. ఇక్కడ కారణం టాలరెన్స్ అని రాస్తే తప్పు. ఏది ఎప్పుడు కారణమో అంకెలతో విడదీయడమే రిపోర్టు దిద్దేవాళ్లకి కావాల్సింది. పనిలో "మీటర్ కొట్టేసింది, మార్చేయ్" అంటే సరిపోయేది.

మామూలు జాగ్రత్తలు మీకు చెప్పక్కర్లేదు గానీ రెండు చెప్తా. కొన్ని బ్రెడ్‌బోర్డుల్లో (సోల్డర్ లేకుండా సర్క్యూట్ కట్టే రంధ్రాల పలకలు) పవర్ గీత మధ్యలో తెగి ఉంటుంది, అవతలి సగానికి వైరు వేయాలి. కరెంట్ కొలిచాక లీడ్‌ని వోల్టేజి రంధ్రంలోకి మార్చకుండా సప్లై మీద పెడితే మీటర్ ఫ్యూజు ఎగిరిపోతుంది. ల్యాబ్‌లో సగం మీటర్లు కరెంట్ చూపించకపోవడానికి కారణం ముందు బ్యాచ్ చేసిన ఈ పనే.

దస్త్రం
చదువు సంగతి అందరూ చెప్తున్నారు, కాగితాల సంగతి ఎవరూ ఎత్తడం లేదు. చేరాక చూసుకుంటే చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే.

గుర్తింపు అన్నది కాలేజీకి వేరు, ప్రోగ్రామ్‌కి వేరు. పెద్ద పేరున్న కాలేజీలో కూడా ఫలానా బ్రాంచికి గుర్తింపు లేకపోవచ్చు, పగటి తరగతులకి ఉండి ఆన్‌లైన్‌దానికి లేకపోవచ్చు. గుర్తింపు సంస్థ సొంత జాబితాలో ప్రోగ్రామ్ పేరు, ఏ సంవత్సరం నుంచి ఏ సంవత్సరం దాకా అన్నది చూడాలి. కాలేజీ బ్రోషర్ సరిపోదు. ఆరేళ్లు చదివేవాళ్లు ఇంకో ప్రశ్న కూడా అడగాలి: నేను బయటికొచ్చే ఏడాదికి ఇది పునరుద్ధరణ అవుతుందా, పోయినసారి ఎప్పుడైంది?

పేర్లలో తేడా జాగ్రత్త. ఇంజినీరింగ్ డిగ్రీలని దేశాల మధ్య గుర్తించుకునే ఒప్పందం 1989 నాటి వాషింగ్టన్ అకార్డ్. ఇంజినీరింగ్ టెక్నాలజిస్టులకి 2001 నాటి సిడ్నీ అకార్డ్, టెక్నీషియన్లకి 2002 నాటి డబ్లిన్ అకార్డ్. ఈ మూడూ ఒకటి కావు. ఉద్యోగస్తుల కోసమని సాయంత్రాలు నడిపే ప్రోగ్రాముల్లో "ఇంజినీరింగ్ టెక్నాలజీ" పేరుతో ఉండేవి చాలా చోట్ల రెండో కోవకి చెందినవి. గణితం తక్కువ, ల్యాబులు ఎక్కువ, చదవడానికి హాయిగా ఉంటాయి. ఫ్యాక్టరీలో పై మెట్టు ఎక్కడానికి అవి చాలు కూడా. లైసెన్సు, పైచదువు, వేరే దేశం అనుకునేవాళ్లకి మాత్రం అక్కడ చిక్కొస్తుంది. కొన్నిచోట్ల పేరు మాత్రమే టెక్నాలజీ, లోపల పూర్తి ఇంజినీరింగే ఉంటుంది. కాబట్టి పేరు చూసి తేల్చేయకుండా ఏ అకార్డ్ కింద గుర్తింపు ఉందో చూడండి.

డిప్లొమా క్రెడిట్ల విషయం: మార్కుల పట్టీ ఒక్కటే ఇస్తే వాళ్లు ఏదీ పోల్చలేరు. ప్రతి సబ్జెక్టుకి సిలబస్, గంటలు, వాడిన పాఠ్యపుస్తకం కావాలి. పాత సిలబస్ మీ కాలేజీ ఆఫీసులో అడిగి స్టాంపు వేయించుకోండి. సర్క్యూట్స్, మెషీన్స్ లాంటి వాటికి క్రెడిట్ అడిగేటప్పుడు విడివిడిగా అర్జీ పెట్టండి, అన్నీ కలిపి ఒకే ఉత్తరంలో పెడితే ఒకదాని మీది అభ్యంతరంతో మొత్తం ఆగుతుంది. ఒప్పుకున్నవి రాతపూర్వకంగా తీసుకోండి, చేరకముందే. కొన్నిచోట్ల పాత క్రెడిట్లకి కాలపరిమితి ఉంటుంది, డిగ్రీ ఇన్నేళ్లలో ముగించాలన్న గరిష్ఠ పరిమితి కూడా ఉంటుంది. తీగలెక్క గారి ఆరేళ్ల లెక్క ఆ పరిమితిలో పడుతుందో లేదో చూసుకోవాలి.

మరమ్మతు_మనిషి
కంపెనీ ఫీజులో కొంత భరిస్తామంటోంది. దాంట్లో చూడాల్సినవి?

దస్త్రం
ముందే ఇస్తారా, పాసయ్యాక తిరిగిస్తారా. ఏ గ్రేడు వస్తే ఇస్తారు, మధ్యలో వదిలేసిన కోర్సు సంగతేమిటి. ఏడాదికి గరిష్ఠం ఎంత, అది క్యాలెండర్ సంవత్సరమా కంపెనీ ఆర్థిక సంవత్సరమా. చివరి ఫీజు తీసుకున్నాక ఎన్నాళ్లు పనిచేయాలి, మానేస్తే మొత్తం కట్టాలా మిగిలిన కాలానికేనా. వాళ్లే తీసేస్తే కూడా కట్టాలా? ఈ చివరిది అడిగితే హెచ్ఆర్‌వాళ్లు నీళ్లు నములుతారు. అయినా అడిగి రాయించుకోండి.

రెండోషిఫ్ట్
సూపర్‌వైజర్‌తో ఇంకో మాట కూడా రాయించుకోవాలి. పరీక్షల వారాల్లో షిఫ్ట్ మార్చకూడదు. సెమిస్టర్ మొదటి వారంలోనే సిలబస్ షీట్ వస్తుంది, తేదీలన్నీ అందులో ఉంటాయి. వాటిని ఆ వారమే పని దగ్గరా ఇంట్లో గోడ మీదా రాసేయండి. సెలవులు పండగలకి వాడేయకుండా మిడ్‌టర్మ్‌కి ఒకటి, ఫైనల్స్‌కి మూడు నాలుగు దాచుకోండి.

కోర్సు వదులుకునే ఆఖరి తేదీ కూడా ఆ గోడ మీదే ఉండాలి. సాధారణంగా అది మొదటి మిడ్‌టర్మ్ తర్వాత ఉంటుంది, నిర్ణయం తీసుకోవడానికి మీకున్న సమాచారం ఆ మార్కులే. సగానికి తక్కువొచ్చి, తప్పుల పుస్తకంలో ఎక్కువ "విషయమే తెలియదు" అని ఉంటే వదిలేసి మళ్లీ తీసుకోండి. గుర్తు తప్పుల వల్ల తక్కువొస్తే నిలబడండి. వదిలేసిన కోర్సు రికార్డులో ఒక అక్షరంగా మిగులుతుంది, ఫెయిలైనది సగటునే లాగేస్తుంది, కంపెనీ డబ్బూ పోతుంది.

పాదరసం
గ్రూప్ ప్రాజెక్టులు కూడా చూసుకోండి. మిగతావాళ్లంతా మధ్యాహ్నం రెండింటికి క్యాంటీన్‌లో కలుద్దామంటారు, ఆ టైముకి మీరు ప్యానెల్ ముందుంటారు. మొదటి రోజే మీకు వీలైన రెండు సమయాలు చెప్పి, పనిని ముక్కలుగా రాసి పంచుకోండి. మధ్యాహ్నం కలవనక్కర్లేని ముక్క తీసుకోండి: పవర్ సప్లై డిజైన్, సామగ్రి జాబితా, టెస్ట్ ప్లాన్, డాక్యుమెంటేషన్. పెద్దవాళ్లని చూసి టీమ్ లీడర్ పని అంటగట్టేస్తారు, అది మాత్రం గంటలు తినేస్తుంది.

కాపీలూ సర్దాలి. ఫైలు పేరు చివర "ఫైనల్, ఫైనల్ 2, అసలు ఫైనల్" అంటూ వాట్సాప్‌లో తిప్పకుండా గిట్ (ఫైళ్లలో ఎప్పుడేం మారిందో దాచిపెట్టే సాఫ్ట్‌వేర్) నేర్చుకోండి. ఒక వారాంతం చాలు.

తీగలెక్క
చివరి ప్రాజెక్టు విషయంలో మీకో సౌకర్యం ఉంది. పని దగ్గర నిజంగా ఉన్న సమస్యని ప్రాజెక్టుగా తీసుకుంటే ఇంటర్న్‌షిప్ లేని లోటు చాలావరకు తీరుతుంది. ఉద్యోగం మానేసి మూడు నెలల ఇంటర్న్‌షిప్‌కి పోలేరు కదా. కంపెనీ అనుమతి, గోప్యత షరతులు ముందు సెమిస్టర్‌లోనే తేల్చుకోండి. ప్రాజెక్టు మొదలయ్యాక లీగల్‌వాళ్లు అడ్డం పడితే మొదటికే మోసం. ఇంజినీర్ పోస్టులకి అర్జీలు పట్టా వచ్చేదాకా ఆపకండి, సర్క్యూట్స్ 2 దాటాక లోపలి ఖాళీలకి పెట్టడం మొదలుపెట్టొచ్చు.

మరమ్మతు_మనిషి
అందరికీ ధన్యవాదాలు. ఆఖరి ప్రశ్న. మొదటి సెమిస్టర్‌కి ప్రీ-క్యాలిక్యులస్ ఒకటి. పక్కన రెండోది ఏది? కెమిస్ట్రీ, ప్రోగ్రామింగ్, టెక్నికల్ రైటింగ్ ఉన్నాయి. టైమింగ్ మూడూ కుదురుతున్నాయి.

చిత్తుకాగితం
కెమిస్ట్రీకి ల్యాబ్ ఉంటుంది, ఇప్పుడే వద్దు. టెక్నికల్ రైటింగ్ వేసవికి అట్టేపెట్టండి.

సున్నావోల్టు
ప్రోగ్రామింగ్. సర్క్యూట్స్ ల్యాబ్ నుంచి ఏదో ఒక రూపంలో అడుగుతారు, సిగ్నల్స్‌కి వచ్చేసరికి రాకుండా కుదరదు. ప్రీ-క్యాలిక్యులస్‌లో చదివే ఫంక్షన్‌నే ఇక్కడ గ్రాఫ్ గీసి చూసుకోవచ్చు. ఒక్కటి గుర్తుపెట్టుకోండి: పైథాన్‌లో వరస 0 నుంచి మొదలవుతుంది, మ్యాట్‌ల్యాబ్‌లో (ఇంజినీరింగ్ లెక్కలకి వాడే భాష) 1 నుంచి. రెండింట్లోనూ మామూలు సైన్ ఫంక్షన్ రేడియన్లే అడుగుతుంది.

రెండోషిఫ్ట్
ఒక షరతు. కోడ్‌లో తప్పు వెతకడానికి హద్దుండదు, రాత్రి పదింటికి మొదలుపెడితే ఒంటిగంట అవుతుంది, పొద్దున్న లెక్కల గంటన్నర పోతుంది. అసైన్‌మెంట్ ఇచ్చిన రోజే తెరిచి ఒక భాగమైనా నడిచేలా చేసి పెట్టండి. 40 నిమిషాల్లో తప్పు దొరక్కపోతే ఆపేసి, మర్నాడు ట్యూటర్‌ని అడగండి.